జేజి కథను మధ్యలో దిద్దకండి

వేసవి సెలవులకు ఊరినుంచి అవ్వో, జేజో, నాయనమ్మో వచ్చి పిల్లలకు కథ మొదలుపెట్టినప్పుడు తల్లిదండ్రులు చేయాల్సింది ఒక్కటే. కథ అయ్యేదాకా నోరు మెదపకూడదు. బెంగళూరు తెలుగిళ్ళలో ఇది చెప్పినంత తేలిక కాదు. నాన్నది హిందూపురం, అమ్మది భద్రాచలం, కాపురం మారతహళ్ళి. ఇంట్లో మాట్లాడేది అటూ ఇటూ కాని సాపు తెలుగు. పిల్లవాడు బడిలో ఇంగ్లీషు, కింద ఆటస్థలంలో హిందీ, వ్యాన్ డ్రైవరన్నతో కన్నడం మాట్లాడతాడు. అలాంటి ఇంట్లోకి హిందూపురం జేజి వచ్చి కథ అందుకుంటుంది.

"రావణుడు సీతమ్మను ఎత్తుకోని పోతా ఉంటే ఈ పక్షి అడ్డం పడె. వాడు రెక్క నరికేసె. అది వచ్చి మన లేపాక్షి కాడ పడె."

"బస్సులో పోతే కనపడుతుందా జేజీ?"

"పక్షి యాడుంటుందిరా ఇంకా! సీతమ్మ పాదం ఉండాది బండమింద. పోదాంలే, చూపిస్తా."

సరిగ్గా ఇక్కడే ల్యాప్‌టాప్ వెనకనుంచి కొడుకు గొంతు వస్తుంది. "లేపాక్షి కాదమ్మా, పంచవటి. అది నాసిక్ దగ్గర. వాడికి తప్పులు నేర్పొద్దు. ఆ 'కాడ', 'యాడ' కూడా వద్దు, వాడు బడిలో అవే అంటాడు."

ఒక్క ఊపులో రెండు దిద్దుబాట్లు, ఒకటి కథకు, ఇంకొకటి యాసకు. "సరేప్పా, నువ్వే చెప్పు" అని జేజి లేచిపోతుంది. నాన్నకు మీటింగు ఉంటుంది, ఆయన చెప్పడు. ఇలాంటి ఇళ్ళు నేను చాలా చూశాను. పెద్దావిడను ఎక్కువగా దిద్దేది కోడలు కాదు, కడుపున పుట్టిన కొడుకే. ఆ యాసను వదిలించుకోవడానికి హాస్టల్లోనూ ఆఫీసులోనూ కష్టపడ్డవాడు ఆయనే కదా.

నాసిక్ మాట తప్పని నేననను. కానీ రేపు భద్రాచలం అమ్మమ్మ వస్తే ఆవిడ ఇంకో మాట చెబుతుంది. సీతమ్మను ఎత్తుకుపోయింది దుమ్ముగూడెం దగ్గరి పర్ణశాలనుంచి, జటాయువు పడింది భద్రాచలం పక్కనే ఉన్న ఏటపాకలో. అక్కడివాళ్ళకు అందులో అనుమానమే లేదు. కేరళలో చడయమంగళం కొండ మీద రెండు వందల అడుగుల పొడవున పక్షి శిల్పాన్ని కట్టించి, ఇక్కడే పడిందంటున్నారు. ఎవరి ఊరి పొలిమేరలో వాళ్ళు జటాయువును దించుకున్నారు. దీన్ని పిల్లవాడి ముందు పరీక్ష పేపరులా దిద్దితే మిగిలేదేమీ లేదు. దిద్దకపోతే శనివారం పొద్దున కారెక్కి నూట ఇరవై కిలోమీటర్లు వెళ్ళి లేపాక్షిలో ఆ బండ చూసి రావచ్చు. విజయనగర రాజుల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ కట్టించిన గుడి, ఆ పెద్ద రాతి నంది ఎలాగూ ఉన్నాయి. అంత దూరం వద్దనుకుంటే చింతామణి దగ్గర కైవారం ఉంది. భీముడు బకాసురుణ్ణి చంపింది మా ఊళ్ళోనే అంటారు వాళ్ళు. తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన కైవార తాతయ్య ఊరు అది. ముళబాగిలు దగ్గర ఆవనికి వెళ్తే లవకుశులు పుట్టింది ఇక్కడేనని చెబుతారు.

స్థలం సంగతి సరే, అసలు కథే మార్చేస్తే? ఇది చాలామంది అడుగుతారు. ఒక జేజి ఊర్మిళను పద్నాలుగేళ్ళు నిద్రపుచ్చుతుంది. తిరిగొచ్చిన లక్ష్మణుణ్ణి పరాయి మగవాడనుకుని ఊర్మిళ గట్టిగా నాలుగు మాటలు అంటుంది. ఇంకో అమ్మమ్మ నిండు సభలో లక్ష్మణుడి చేత ఫక్కున నవ్విస్తుంది. తమ లోపం తలచుకుని ఎవరికి వారు తమనే చూసి నవ్వాడనుకుంటారు. తీరా చూస్తే ఆయన నవ్వింది, అప్పటిదాకా ఆగి అప్పుడొచ్చిన నిద్రాదేవిని చూసి. ఇవి వాల్మీకిలో లేవు. మన ఆడవాళ్ళు తరతరాలుగా పాడుకున్న పాటల్లో ఉన్నాయి, వాటి గురించి వెల్చేరు నారాయణరావుగారు వివరంగా రాశారు. మీ అబ్బాయి "ఊర్మిళకు అన్నం ఎవరు పెట్టారు?" అని అడిగాడంటే ఆ పాటలు కట్టినవాళ్ళ దారిలోనే ఉన్నాడు. నవ్వి కొట్టెయ్యకండి.

పుస్తకాల్లోకి వచ్చినా ఇదే వరస. కన్నడ కవి కువెంపుగారి 'శ్రీ రామాయణ దర్శనం'లో సీతతోపాటు రాముడు కూడా అగ్నిలోకి దిగుతాడు. ఆ కావ్యానికి 1967 జ్ఞానపీఠం ఇచ్చారు. మన విశ్వనాథవారు 'రామాయణ కల్పవృక్షం'లో కైకేయిని కొత్త కంటితో చూశారు, 1970లో ఆయనకూ జ్ఞానపీఠం వచ్చింది. మహాకవులు మారిస్తే శాలువా కప్పాం, జేజి మారిస్తే గూగుల్ తీస్తున్నాం.

యాస విషయంలో మన సినిమాలది పెద్ద పాపం. చాలాకాలం తెలంగాణ మాట రౌడీకీ హాస్యగాడికీ, సీమ మాట కత్తి పట్టినవాడికీ ఇచ్చారు. ఇప్పుడు గాలి మారింది. 'ఫిదా' కథానాయిక, 'బలగం' ఇంటిల్లిపాదీ తమ మాటే మాట్లాడారు. 'పుష్ప'లో చిత్తూరు యాసను బెంగళూరు పిల్లలు బడిలో అనుకరించి మురిసిపోతున్నారు. అదే మాట ఇంట్లో జేజి నోట వస్తే పక్కున నవ్వుతారు. ఆ నవ్వు మననుంచే నేర్చుకున్నారేమో చూసుకోవాలి. చుట్టాల ముందు "మా జేజి ఎలా మాట్లాడుతుందో చెప్పరా" అని పిల్లవాడి చేత వేషం వేయించకండి. ఆవిడ కూడా నవ్వుతుంది, కానీ ఆ తర్వాత మాట తగ్గిస్తుంది.

"ఏది నిజం నాన్నా?" అని పిల్లవాడు అడిగే రోజు వస్తుంది. "జేజి వాళ్ళ ఊళ్ళో ఇలా చెబుతారు, అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో అలా చెబుతారు, వాల్మీకి ఇంకోలా రాశాడు" అనండి. ఆరేళ్ళవాడికి కూడా ఇది అర్థమవుతుంది. నా మాట నమ్మకపోతే అడిగి చూడండి. పన్నెండు దాటినవాళ్ళకైతే ఓల్గా 'విముక్త' చదివి వినిపించవచ్చు. సీత అడవిలో శూర్పణఖను కలిస్తే ఏం మాట్లాడుకుంటారో అందులో ఉంటుంది.

ఒక్కచోట మాత్రం మీరు కలగజేసుకోవాలి. కథలో ఎవరి కులాన్నో, ఒంటి రంగునో, కుంటితనాన్నో కించపరిచే మాట వస్తే ఊరుకోకూడదు. అయితే అప్పుడే కాదు, పిల్లల ఎదుట కాదు. వాళ్ళు పడుకున్నాక పెద్దావిడ పక్కన కూచుని, "అమ్మా, ఆ మాట లేకుండా చెప్పవా" అని అడగండి. చాలామంది సరేనంటారు, కొందరు అలుగుతారు. అలిగినా రెండో రోజుకు ఆ మాట రాదు.

ఇప్పటికే కథలు మానేసిన పెద్దవాళ్ళుంటే, "కథ చెప్పు" అని పీట వేసి కూచోబెట్టకండి. "నాకేం వస్తాయి నాయనా" అంటారు. చింతపండు గింజలు తీసేటప్పుడో, చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడో పిల్లల్ని పక్కన వదిలి మీరు వేరే గదిలోకి పొండి. ఫోన్లో రికార్డు చేసుకోవాలనిపిస్తే ముందు ఆవిడకు చెప్పి చేయండి. పిల్లవాడు మధ్యలో "ఆమేలే ఏమాయె జేజీ?" అంటూ కన్నడం కలిపి అడిగే ప్రశ్నలను కత్తిరించకండి. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు కథ పేరుతోపాటు ఆ కథ ఆవిడ ఏ ఊళ్ళో, ఎవరి దగ్గర విన్నదో కూడా అడిగి రాసిపెట్టండి. ఆ ప్రశ్నకు జవాబుగా ఇంకో కథ వస్తుంది, రికార్డింగు అప్పుడే ఆపకండి.