దుర్యోధనుడి వేషం కట్టబోయే మనవడికి

హోసూరు



ఈ యేడు ఊరి నాటకంలో దుర్యోధనుడి వేషం నీకిచ్చారని మీ నాయన ఫోన్లో చెప్పాడు. సంతోషం. సిప్‌కాట్‌లో ఫ్యాక్టరీ పని మానేసి సినిమాల్లో ప్రయత్నిస్తానంటున్నావని కూడా చెప్పాడు. ఆ రెండో మాట మీద నీకు ఉపదేశం చేయను, నాటకాల నటుడు బళ్లారి రాఘవ సంగతి చెప్పి ఊరుకుంటాను. వేషం మీద మాత్రం ఉపదేశం తప్పదు, ఓపిగ్గా చదువు.

రాఘవ అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880లో తాడిపత్రిలో పుట్టి బళ్లారిలో పెరిగాడు. ఆ కాలంలో బళ్లారీ, మన హోసూరూ ఒకే మద్రాసు రాజధానిలో ఉండేవి. మనకిక్కడ తెలుగు, తమిళం, కన్నడం కలిసిపోయినట్టే అక్కడ తెలుగూ కన్నడమూ కలిసి బతికేవి. ఆయన పోయిన ఏడేళ్లకు, 1953లో, బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది. ఎల్లకు అవతల పడ్డ తెలుగువాళ్లం కాబట్టి ఆయన మీద నాకు కాస్త పక్షపాతం ఉంది, దాచుకోను.

వాళ్లింట్లో నాటకం ముందునుంచే ఉంది. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలు, నాటకకర్త, సరస వినోదిని సభ నడిపినవాడు. తెలుగు నాటకంలో పద్యాన్ని రాగం కట్టి పాడించే పద్ధతికి ఊపు తెచ్చిన పెద్దల్లో ఒకడు. అదే ఊళ్లో కోలాచలం శ్రీనివాసరావు మరో వకీలు, మరో నాటకకర్త. ఆయనది సుమనోరమ సభ. మేనమామకు పోటీగా ఉన్న ఆ కోలాచలం రాసిన విజయనగర పతనం నాటకంలోనే రాఘవ పఠాన్ రుస్తుం వేషం కట్టి పేరు తెచ్చుకున్నాడు. తనూ 1905లో లా పూర్తిచేసి బళ్లారిలో ప్లీడరయ్యాడు. నాటకం కోసం కోర్టు మానలేదు, కోర్టు కోసం నాటకమూ మానలేదు. మన పక్కనున్న బెంగళూరుకు వచ్చి అక్కడి అమెచ్యూర్ సంఘంతో కలిసి ఆడాడు. తెలుగుతో ఆగక కన్నడం, హిందీ, ఇంగ్లీషు నాటకాలూ వేశాడు. 1928లో లండన్ వెళ్లి బెర్నార్డ్ షాను కలిశాడు. ఆయన్ను ఎవరెవరు ఏమని మెచ్చుకున్నారో కథలు కథలుగా చెప్తారు. వాటితో నీకు పని లేదు.

నీకు పనికొచ్చేది ఇది. మేనమామ కాలంనుంచి వచ్చిన రాగాల వరదకు ఎదురు నిలబడ్డది ఈ మేనల్లుడే. పద్యం పాడి, ఆలాపన సాగదీసి, జనం వన్స్ మోర్ అంటే చచ్చిన పాత్ర కూడా లేచి మళ్లీ పాడే రోజులవి. పాత్ర మాట్లాడాలి, ముఖం ఆలోచించాలి అన్నది రాఘవ పట్టు.

మన హార్మోనియం మేష్ట్రు శ్రుతి చూపిస్తాడు, తాళం సరిచేస్తాడు. అది ఆయన పని, కాదనకు. నువ్వు మాత్రం ప్రతి పద్యాన్నీ ముందు హార్మోనియం లేకుండా మామూలు మాటలా చెప్పు. ఎవరితో అంటున్నావు, ఏమి కావాలని అంటున్నావు, ఏ మాట దగ్గర ఊపిరి తీసుకుంటే అర్థం చెడదు, ఇవి తేలాకే రాగం జోలికి పో. అవతలివాడు పద్యం పాడేటప్పుడు కిరీటం సర్దుకుంటూ నీ వంతుకోసం నిలబడకు. వినడం కూడా నీ వేషంలో భాగమే.

మయసభ తీసుకో. చాలామంది కాలు జారిపడటాన్నే పెద్ద ఘట్టం చేసి జనాన్ని నవ్విస్తారు. నన్నడిగితే అసలు ఘట్టం పడ్డ తరువాత ఉంది. ద్రౌపది నవ్వు వినపడగానే గిర్రున తల తిప్పకు. తడిసిన ఉత్తరీయం పిండుకుంటూ ఉండు. చేతులు ఆగాలి. నవ్వింది ఎవరో తెలిసిపోయినా, అటు చూడకుండా ఒక్క క్షణం బిగబట్టు. ఆ తరువాత చూడు. అప్పుడు మీసం మెలేసి అరవాల్సిన అవసరమే రాదు.

కృష్ణగిరి పల్లెల్లో భారతం ఆటల చివరినాడు మట్టితో దుర్యోధనుణ్ణి పడుకోబెట్టడం నువ్వు చూసే ఉంటావు. చేతులు చాపి నేల నిండా పడివున్న ఆ బొమ్మ తొడ భీముడు పగలగొడతాడు, ఎర్రనీళ్లు చిమ్ముతాయి, ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. ఊరంతా చూసేది ఆ బొమ్మనే. పడిపోయాక కూడా చిన్నగా కనపడని మనిషి వాడు. వాణ్ణి నువ్వు ఉత్త దుర్మార్గుడిగా ఆడితే ఎట్లా?

ఇక సినిమా. రాఘవ మొదటి సినిమాకు దాదాపు 56 ఏళ్లవాడు. 1936లో వచ్చిన ద్రౌపదీ మానసంరక్షణంలో ఆయనదీ దుర్యోధనుడి వేషమే. అదే యేడు అదే కథతో ద్రౌపదీ వస్త్రాపహరణం పోటీగా వచ్చింది. అందులో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, కన్నాంబ ద్రౌపది. జనం ఆ రెండోదాన్నే ఎత్తుకున్నారు. అంత పేరున్న రాఘవ సినిమా దెబ్బతింది. పేరు చూసి టిక్కెట్టు కొనే రోజులు అప్పుడూ లేవు!

మూడేళ్లకు గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డలో పేదరైతు నర్సిరెడ్డిగా వేశాడు. జమీందారీ పెత్తనం మీద తీసిన ఆ సినిమాకు డబ్బు పెట్టింది చల్లపల్లి జమీందారు. తక్కిన జమీందార్లు భగ్గుమన్నారు, కొన్నిచోట్ల నిషేధించారు కూడా. ఆయన వేసిన మూడు సినిమాల్లోనూ నాకు గొప్పదిగా తోచేది ఇదే. రాజవేషాల మనిషి అరవైకి దగ్గర పడి తలపాగా చుట్టి అప్పుల రైతయ్యాడు. 1940లో చండిక వచ్చింది. అంతే, మొత్తం మూడు. 1946లో పోయేదాకా ఆయన్ను జనం నాటకాల రాఘవగానే ఎరుగుదురు. నాటకాన్ని ఆయన పొట్టకూటి పని చేసుకోలేదు. ఇంక నీ ఫ్యాక్టరీ సంగతి నువ్వే చూసుకో.

మరచాను. ఆడవేషాలు ఆడవాళ్లే కట్టాలని ఆ కాలంలోనే గట్టిగా నిలబడి, చదువుకున్న ఇళ్ల ఆడవాళ్లను స్టేజీ ఎక్కించినవాడు రాఘవ. మీ నాటకంలో ద్రౌపదిగా బయటినుంచి వచ్చే ఆమె నీకంటే ఎక్కువ రాత్రులు ఆడివుంటుంది. అక్కా అని పిలువు, ముందుగా కలిసి ఆమె ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ అందుకుంటుందో అడిగి తెలుసుకో. వస్త్రాపహరణం రోజు తాగొచ్చే దుశ్శాసనుణ్ణి నువ్వే ఆపాలి.

స్టేజీ మీద పైనుంచి వేలాడే మైకు కిందికే పోయి నిలబడాలని అందరూ ఎగబడతారు, అర్జునుడూ కర్ణుడూ భుజాలు రాసుకుంటూ యుద్ధం చేస్తారు. నువ్వు నీ చోట్లోనే నిలబడి గొంతు పెంచు. మేష్ట్రుకు నా నమస్కారాలు చెప్పు. అద్దె మీసం వద్దు, చెమటకు ఊడొస్తుంది. ఇంకా టైముంది కదా, నీదే పెంచు.

ఇట్లు,
మీ తాత