లెక్కలోకి రాకపోతే వైద్యం అందదు – పుప్పాలగూడ చెప్పే పాఠం

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే డాక్టరు, మందులు, పథ్యం గురించి ఆలోచిస్తాం. కాని దవాఖానా ఎక్కడ పెట్టాలి, ఉచిత వైద్యం ఎవరికి ఇవ్వాలి, ఉన్న డబ్బు దేనికి ఖర్చు చేయాలి అనే విషయాలను ప్రభుత్వ విధానం నిర్ణయిస్తుంది. మనవంటి వర్ధమాన దేశాలలో ఈ నిర్ణయాలు ఎందుకు కష్టమో ఈ పాఠంలో తెలుసుకొందాం.

పుప్పాలగూడ 2018 వరకు గ్రామ పంచాయతీ. ఆ సంవత్సరం మణికొండ మున్సిపాలిటీలో కలిసింది. గచ్చిబౌలి నుండి శంషాబాద్ వరకు ఔటర్ రింగ్ రోడ్డు 2008లో తెరిచారు. ఐటీ కంపెనీలు పెరిగాయి, బహుళ అంతస్తుల భవనాలు లేచాయి. వాటిని కట్టడానికి పాలమూరు, శ్రీకాకుళం, ఒడిశా, బీహార్ ప్రాంతాల నుండి కూలీలు వచ్చారు. ఇలాంటి ఊళ్లలో మూడు చిక్కులు కనిపిస్తాయి.

1. జనం లెక్క: మైదాన ప్రాంతపు పల్లెల్లో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పట్టణాల్లో 50,000 మందికి ఒకటి ఉండాలని నియమం. అయితే ఎంతమంది ఉన్నారో తెలియాలి కదా! 2011 తరువాత 2021లో జరగవలసిన జనగణన కోవిడ్ వల్ల వాయిదా పడింది. 2013 ఆహార భద్రత చట్టం కింద రాష్ట్రాలకు ఎంతమందికి బియ్యం ఇవ్వాలో కూడా 2011 లెక్కనుబట్టే నిర్ణయించారు. ఆ తరువాత పుట్టినవారు, వలస వచ్చినవారు లెక్కకు బయట ఉండిపోయారు.

2. చిరునామా: కార్డు సొంత ఊరిలో, మనిషి పని దగ్గర. దీనికి కొంత పరిష్కారం దొరికింది. ఒక రాష్ట్రం కార్డుతో మరో రాష్ట్రంలో రేషన్ తీసుకొనే ఏర్పాటు 2019 ఆగస్టులో మొదలైంది. అందులో మొదటి జంటలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కార్డు కూడా ఇతర రాష్ట్రాలలో, ఆ పథకంలో చేరిన ఆసుపత్రులలో పనిచేస్తుంది.

3. పెద్ద జబ్బు, చిన్న జబ్బు: 2007 ఏప్రిల్ 1న మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో పేద కుటుంబాలను అప్పుల నుండి కాపాడింది. తెలంగాణలో దీని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. కాని ఇది ప్రధానంగా ఆసుపత్రిలో చేసే చికిత్సలకే. బి.పి. మాత్ర రోజూ వేసుకోకపోతే పక్షవాతం రావచ్చు, కిడ్నీలు చెడిపోవచ్చు. అప్పుడు డయాలసిస్‌కు పథకం డబ్బు ఇస్తుంది, కాని పోయిన కిడ్నీ తిరిగి రాదు. అందుకే 2017 జాతీయ ఆరోగ్య విధానం ఆరోగ్యానికి ఇచ్చే నిధులలో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికి ఇవ్వాలని చెప్పింది. హైదరాబాదులో 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు ఆ దారిలో వేసిన అడుగే.

థాయ్‌లాండ్ కూడా ధనిక దేశం కాదు. 2001లో 30 బాత్‌ల పథకం మొదలుపెట్టి, ఆ పథకంలోని వారిని ఇంటికి దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో నమోదు చేయించింది. ముందు అక్కడ చూపించుకోవాలి, అవసరమైతేనే పెద్దాసుపత్రి అనేది అప్పటి పద్ధతి. లెక్క, చిరునామా, ప్రాథమిక వైద్యం మూడూ అక్కడ ఒకే ముడిలో పడ్డాయి.

మనం చేయవలసినవి:

• 2027 జనగణనలో ఇంటివారందరి పేర్లు చెప్పాలి. షెడ్డులో ఉన్నా, వాచ్‌మన్ గదిలో ఉన్నా మనం లెక్కలోని మనుషులమే.
• 30 ఏళ్లు దాటినవారు బి.పి., షుగరు పరీక్ష చేయించుకోవాలి. దగ్గరి బస్తీ దవాఖానా లేదా ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో తెలుసుకోవాలి.
• సొంత ఊరు వెళ్లేటప్పుడు మందుల చీటీ, సరిపడా మాత్రలు వెంట ఉంచుకోవాలి.
• మన ఇంట్లో పనిచేసే అక్కకు, పక్క సైటులోని కూలీలకు కార్డుల సంగతి చెప్పాలి.

ఇంట్లో మాట్లాడుకోండి: మన వీధిలో ఏ కార్డూ లేని కుటుంబం ఏది? వారికి జబ్బు చేస్తే మొదట ఎక్కడికి వెళ్తారు?