వైద్య నిర్లక్ష్యంపై ఫిర్యాదు: గడువు దాటనీయకండి

కొరాపుట్, రాయగడ జిల్లాలలోని తెలుగు కుటుంబాలు పెద్ద చికిత్స కోసం తరచుగా విశాఖపట్నం వెళ్తుంటాయి. చికిత్సలో నిర్లక్ష్యం వల్ల హాని కలిగిందని భావించినవారు మొదట ఆసుపత్రి యాజమాన్యంతో మాట్లాడి, సమాధానం కోసం నెలల తరబడి ఎదురుచూస్తారు. ఆ నిరీక్షణలోనే చట్టమిచ్చిన గడువు గడిచిపోవచ్చు. సంప్రదింపులు జరిపినంత మాత్రాన, వకీలు ద్వారా నోటీసు పంపినంత మాత్రాన గడువు పెరగదు.

గడువు ఎంత?

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం, ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుండి రెండు సంవత్సరాలలోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు. అయితే అది కమిషన్ విచక్షణకు లోబడినదే గాని ఫిర్యాదుదారు హక్కు కాదు. సివిల్ కోర్టులో నష్టపరిహారపు దావాకు సాధారణంగా మూడు సంవత్సరాల గడువు ఉంటుంది.

ఏనాటి నుండి లెక్కించాలి?

హాని వెంటనే కనిపిస్తే ఆనాటి నుండే లెక్క మొదలవుతుంది. ఉదాహరణకు, 2025 మార్చి 10న హాని బయటపడితే 2027 మార్చి 10లోపు ఫిర్యాదు చేరాలి. లోపల దాగిన హాని అయితే, తగిన శ్రద్ధ వహించిన రోగికి అది తెలియవలసిన నాటి నుండి లెక్కిస్తారు. 2010లో సుప్రీంకోర్టు ఈ విషయాన్నే విచారించింది. 1993లో జరిగిన శస్త్రచికిత్సలో ఒక నర్సు కడుపులో గాజుగుడ్డ మిగిలిపోయింది. అది 2002లో బయటపడింది. ఆమె 2004లో ఫిర్యాదు చేసింది. తొమ్మిదేళ్లు నొప్పితో బాధపడుతూ కూడా కారణం విచారించలేదన్న హేతువుతో ఆ ఫిర్యాదు గడువు దాటినదని న్యాయస్థానం నిర్ణయించింది. కనుక నొప్పి తగ్గకపోతే మరొక వైద్యుని సంప్రదించడం ఆరోగ్యానికే కాక హక్కుకూ రక్షణ.

ఎక్కడ దాఖలు చేయాలి?

చికిత్స విశాఖలో జరిగినా, మీరు నివసించే లేదా పనిచేసే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. కొరాపుట్ జిల్లా కమిషన్ జయపురంలోను, రాయగడ జిల్లా కమిషన్ రాయగడలోను ఉన్నాయి. చెల్లించిన వైద్యఖర్చు 5 లక్షల రూపాయలు మించకపోతే ఫిర్యాదు రుసుము లేదు. రోగులందరికీ పూర్తిగా ఉచితంగా సేవలందించే ఆసుపత్రులు ఈ చట్టం పరిధిలోకి రావని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అటువంటి సందర్భంలో సివిల్ కోర్టే మార్గం.

వెంటనే చేయవలసినవి

1. చికిత్స పత్రాల నకళ్లను లిఖితపూర్వకంగా కోరండి. కోరిన 72 గంటలలో వైద్యులు వాటిని ఇవ్వాలి. ఆసుపత్రిలో చేరిన రోగుల పత్రాలను చికిత్స ప్రారంభం నుండి మూడేళ్లు భద్రపరచడమే వారి విధి. తరువాత అవి దొరకకపోవచ్చు.

2. బిల్లులు, మందుల చీటీలు, పరీక్షల నివేదికలు తేదీల వారీగా పేర్చుకోండి.

3. హాని తెలిసిన తేదీని, గడువు ముగిసే తేదీని ఒకే కాగితంపై వ్రాసుకోండి.

4. సలహాకు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915ను, ఉచిత న్యాయసహాయానికి 15100ను సంప్రదించండి. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ న్యాయసహాయం లభిస్తుంది.