మా పొలంగట్టు మాంసాహారులు

మాంసాహార క్షీరదాలంటే మాంసం తినే క్షీరదాలని ఇంటర్మీడియట్‌లో రాసి మార్కులు తెచ్చుకున్న వాళ్లలో నేనూ ఒకణ్ణి. డిగ్రీలో జంతుశాస్త్రం తీసుకున్నాక తెలిసింది, ఆ జవాబు సగమే నిజమని. వెదురు తిని బతికే జెయింట్ పాండా ఈ క్రమంలోదే. చెదపుట్టలు తవ్వుకుని, ఇప్పపూలు ఏరుకుని తినే మన ఎలుగుబంటీ ఇందులోదే. రక్తం తాగే గబ్బిలానికి మాత్రం ఇందులో చోటు లేదు.

మరి దేన్ని చూసి కలిపారు వీటిని? పళ్లు చూసి. పై దవడలో చివరి అగ్రచర్వణకం, కింది దవడలో మొదటి చర్వణకం - ఈ రెండూ కత్తెర రెక్కల్లా ఒకదాని పక్కనుంచి ఒకటి జారి మాంసాన్ని కోస్తాయి. వీటినే కార్నాసియల్ దంతాలంటారు. ఎలుగుకీ పాండాకీ ఆ కత్తెర అరిగి తిరగలిరాయిలా తయారైంది గాని, వాటి పూర్వీకులకు అది ఉండేదే. 1821లో బౌడిచ్ ఈ క్రమానికి కార్నివొరా అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఇందులో సుమారు 280 నుంచి 300 దాకా జాతులు లెక్కిస్తున్నారు.

ఈ క్రమం రెండు ఉపక్రమాలుగా చీలింది: పిల్లి వైపువి, కుక్క వైపువి. ఇక్కడే మన తెలుగు పేర్లు నన్ను పరీక్షలో ముంచాయి. పునుగుపిల్లి పేరులో పిల్లి ఉంది, తిరుమల స్వామి సేవలో దాని తైలం ఉంది, కాని అది పిల్లి కుటుంబం కాదు. వైవెరిడే అనే వేరే కుటుంబం. నీటికుక్క కుక్క కాదు, ముస్టెలిడే. దుమ్ములగొండిని చూస్తే ఎవరైనా కుక్కజాతి అంటారు. నేనూ అలాగే రాశాను. అది పిల్లి వైపుది; ముంగిసకి చుట్టం. అయితే ఆ పేరు పెట్టినవాడు మాత్రం గట్టివాడు. దుమ్ము అంటే ఎముక. ఎముకలు కొరికే ఆ పళ్లను చూసే పెట్టి ఉంటాడని నా ఊహ.

దంతసూత్రాలు బట్టీ పట్టడం నాకు పరమ విసుగు. కుక్కకీ నక్కకీ 42, రేచుకుక్కకి 40, పిల్లికి 30. ఎందుకొచ్చిన లెక్కలురా అనుకునేవాణ్ణి. కిందటేడు సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు ఆ లెక్క ఒకసారి నిజంగా చెయ్యాల్సి వచ్చింది.

మాది కృష్ణా డెల్టాలో వరి పండే ఊరు. ఆ ఏడు పొట్టదశలో ఎలుకలు దుబ్బులకి దుబ్బులే కొరికేశాయి. నాన్న బ్రోమడయొలోన్ తెచ్చారు. నూకలు 96 పాళ్లు, నూనె 2, మందు 2. సైన్సు చదివేవాడు గనక కలిపింది నేను, పొట్లాలు కట్టి బొరియల్లో పెట్టింది నేను. ఆ మందు ఎలుకని అక్కడికక్కడే చంపదు. విటమిన్ కె పనిని అడ్డుకుంటుంది. రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. ఎలుక నాలుగైదు రోజుల పాటు లోలోపల రక్తం కారుతూ నీరసంగా పట్టపగలే గట్లమీద తిరుగుతుంది. అలాంటి ఎలుకని పట్టడం పిల్లికి ఎంత పని?

సెలవులకి వెళ్లిన మూడోరోజున కాలవగట్టు మీద ఒక పిల్లి చచ్చి పడి ఉంది. ఊళ్లో దాన్ని బావురుపిల్లి అంటారు. చేపలు పట్టే మచ్చల పిల్లినీ చాలాచోట్ల అదే పేరుతో పిలుస్తారు కాబట్టి ముందు ఒళ్లు చూశాను. మచ్చలు లేవు, పొడుగు కాళ్లు, చెవికొనల నల్ల వెంట్రుకలు, తోక చివర నల్లని పట్టెలు. వేపపుల్లతో నోరు తెరిచి లెక్కపెట్టాను. పైన పదహారు, కింద పద్నాలుగు. ఫెలిస్ ఖాయస్, జంగుపిల్లి. చిగుళ్లకి రక్తం అంటి ఉంది. మా మందే చంపిందని రుజువు చెయ్యలేను. కాదని అనుకోవడానికీ నాకు మనసొప్పలేదు.

లేబొరేటరీకి పుర్రె పట్టుకుపోదామా అన్న ఆశ కలిగిన మాట నిజం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాని గోరు కూడా మన దగ్గర ఉంచుకోకూడదు. తుమ్మచెట్టు కింద పాతిపెట్టాను.

నాన్నతో చెబితే ఆయన కోప్పడలేదు. "పిల్లి వచ్చి ఎలుకల్ని తినేదాకా వరి ఆగుతుందంట్రా?" అన్నారు. అప్పుడు జవాబు తోచలేదు. తరువాత లైబ్రరీలో కూర్చుని లెక్క చూశాను. జంగుపిల్లి ఒక్కటి రోజుకి మూడు నుంచి అయిదు ఎలుకల దాకా తింటుందని రాజస్థాన్‌లోని సరిస్కాలో అంచనా వేశారు. పొలం ఎలుకకి మూడు వారాల్లో కాన్పు. పిల్లికి రెండు నెలల పైమాట, అదీ రెండుమూడు కూనలే. మందు వేస్తే రెండూ చస్తాయి. ముందు తిరిగొచ్చేది ఎలుకే. ఆ సంగతి నాన్నకి చెప్పాను. ఈసారి ఆయన కాసేపు మాట్లాడలేదు.

పులికి 1973 నుంచి ప్రాజెక్టు ఉంది. 2022 లెక్కల్లో దేశంలో 3,682 పులులని అంచనా. మన నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి వైశాల్యంలో దేశంలోకెల్లా పెద్ద పులుల రిజర్వు. 1952లో దేశంలో అంతరించిందని ప్రకటించిన చిరుతపులి వంటి చీతాని 2022లో నమీబియా నుంచి విమానంలో తెచ్చి కూనోలో దించారు. సంతోషమే. కాని పులి నివాసం అడవి. దానికి కంచె కట్టవచ్చు, కాపలా పెట్టవచ్చు. జంగుపిల్లి, నక్క, ముంగిస ఉండేది మా చేలల్లో. వాటికి ఫారెస్టు గార్డు మా నాన్నే.

ఈ ఏడు పొట్టదశ రాకముందే తంజావూరు బుట్టలు పెట్టిద్దామన్నాను. "కూలి ఎంతవుద్దో కనుక్కో" అన్నారు నాన్న. కనుక్కున్నాను. మందు కంటే ఎక్కువే అవుతుంది. పక్క చేల వాళ్లు కూడా కలిసి ఒకేసారి పెడితేనే ఫలితం ఉంటుందని బుట్టలు పెట్టే యానాది పెద్దాయన చెప్పాడు. ముగ్గురు రైతులు సరేనన్నారు. నాలుగో ఆయన ఇంకా ఆలోచిస్తున్నాడు.