సగం సీసా మిగిలిందా, చెల్లీ?

ఏమర్రా చెల్లెళ్లూ, ఈసారి ముచ్చట కాస్త కొత్తది. తెరిచిన వైన్ సీసాలో మిగిలిపోయిన సగాన్ని ఏం చేసుకోవాలన్నది. "అక్కకి ఇదేం పోయేకాలం" అని ముక్కున వేలేసుకునేవాళ్లు వేసుకోండి. మా ఇంట్లోకి సీసా రాదు అనేవాళ్లు ఈ పేజీ తిప్పేసినా నాకేం కోపం లేదు. కానీ డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో, మెల్‌బోర్న్‌లోనో, ఆ మాటకొస్తే గచ్చిబౌలిలోనో కాపురముంటున్న చెల్లెళ్లకి ఇది తరచూ వచ్చే చిక్కే. శనివారం రాత్రి భోజనానికి వచ్చిన స్నేహితులు వస్తూ వస్తూ ఒక సీసా పట్టుకొస్తారు. మగవాళ్లు వాళ్ల విస్కీలో వాళ్లుంటారు. ఆడవాళ్లిద్దరు చెరో గ్లాసు పుచ్చుకుంటారు. ఆదివారం పొద్దున చూస్తే వంటింటి గట్టు మీద సగానికి పైగా వైన్‌తో సీసా అలాగే ఉంటుంది. పారబోయడానికి చెయ్యి రాదు, తాగడానికి మనసు పుట్టదు.

అక్కడే నా అసలు భయం. పిల్లల కంచంలో మిగిలిన నాలుగు ముద్దలు పారేయలేక నోట్లో వేసుకుని ఒళ్లు పెంచుకున్న జాతి మనది. ఆ గుణం సీసా దగ్గర కూడా బయటపడుతుంది. "ఇరవై డాలర్లు పెట్టి కొన్నారు, రేపటికి పాడైపోతుందేమో" అని రెండో గ్లాసు, మూడో గ్లాసు పోసుకునేవాళ్లని చూశాను. సీసాలో ఉండేది 750 మిల్లీలీటర్లు. గ్లాసుకి 150 చొప్పున ఐదు గ్లాసులు. వైన్ గుండెకి మంచిదని వాట్సాప్‌లో తిరిగే మాటలు పట్టుకోకండి. మద్యంలో ఇంత వరకు క్షేమం అని గీత గీయలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే తేల్చి చెప్పింది. కాబట్టి వైన్ నిలవ ఉంచే పనిముట్టు ఏది కొన్నా నేను అడిగేది ఒక్కటే. ఈరోజు ఒక్క గ్లాసు చాలు అనుకున్నప్పుడు, మిగతా నాలుగు గ్లాసుల గురించి బెంగ లేకుండా మూత పెట్టేసే ధైర్యం అది ఇస్తుందా? ఇస్తే కొనండి. లేకపోతే అది అలమరలో దుమ్ము పట్టే ఇంకో వస్తువు.

ముందు వైన్ ఎందుకు పాడవుతుందో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. సగం ఖాళీ అయిన సీసాలో ఆ ఖాళీ నిండా గాలే. అందులో అయిదో వంతు ఆక్సిజన్, అంటే సుమారు ఎనభై మిల్లీలీటర్లు. అది మొదట వైన్‌లోని రంగుని, వగరుని పట్టుకుంటుంది. ఆ తర్వాత ఆల్కహాల్‌ని ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. దెబ్బ తగిలి మగ్గిపోయిన యాపిల్ వాసన వస్తే అదే. గాలి తగిలాక కొన్ని రకాల బ్యాక్టీరియా కూడా లేచి కూర్చుని వైన్‌ని వెనిగర్ చేస్తుంది. గోళ్ల రంగు తుడిచే ద్రావణం లాంటి ఘాటు వస్తోందంటే వ్యవహారం అంతదాకా వచ్చిందని గుర్తు. అలాంటి వైన్ గుటక పడితే ప్రాణం మీదకేమీ రాదు గానీ, నోటికి మాత్రం సహించదు.

ఈ సంగతిని లూయీ పాశ్చర్ ఎప్పుడో పట్టుకున్నాడు. పాల ప్యాకెట్ మీద కనిపించే పాశ్చరైజ్డ్ అన్న మాటలో ఉన్నది ఆయన పేరే. ఫ్రాన్స్ వైన్లు దారిలో పాడైపోతున్నాయని మూడో నెపోలియన్ చక్రవర్తి ఆయనకి పని అప్పజెప్పాడు. ఆ పరిశోధన 1866లో పుస్తకంగా వచ్చింది. గాజు గొట్టాల్లో వైన్ పోసి మూసేశాడు. కొన్నింటిని నిండుగా పోశాడు, కొన్నింటిని సగం వరకే పోశాడు. నిండు గొట్టాల్లో వైన్ పెద్దగా మారలేదు. సగం గొట్టాల్లో రంగు తిరిగి, అడుగున మడ్డి పేరుకుంది. ఇప్పుడు దుకాణాల్లో అమ్మే పనిముట్లన్నీ ఆ రెండు గొట్టాల మధ్య తేడా తీర్చడానికి పుట్టినవే అనుకోండి.

ఇది అర్థమైతే అన్నిటికంటే మంచి ఉపాయం ఇంట్లోనే ఉందని తెలుస్తుంది. 375 మిల్లీలీటర్లు పట్టే చిన్న సీసాలు దొరుకుతాయి, మరమూతవి. ఒకటి తాగేశాక శుభ్రంగా కడిగి, తడి లేకుండా ఆరబెట్టి దాచుకోండి. ఈసారి పెద్ద సీసా తెరవగానే, ఎవరి గ్లాసులోనూ పోయకముందే, ఈ చిన్న సీసాని మెడ దాకా నింపెయ్యండి. మూత బిగిస్తే వైన్ పైకి ఉబికి రాబోతున్నంత నిండుగా ఉండాలి. గాలికి చోటే లేదు కదా, ఇంక పాడు చేయడానికి ఏముంటుంది? దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి మిగతా సగాన్ని వచ్చినవాళ్లకి పంచండి. భోజనాలయ్యాక మిగిలిన అడుగు బొడుగుని నింపితే మాత్రం ఇంత ఫలితం రాదు. అప్పటికే అది రెండు గంటలు గాలి పీల్చుకుని ఉంటుంది.

ఫ్రిజ్ అన్నాను కదా, అది ఎర్ర వైన్‌కి కూడా. "రెడ్ వైన్ ఫ్రిజ్‌లో పెట్టకూడదట కదా అక్కా" అంటారు. అది తాగేటప్పటి సంగతి, దాచేటప్పటిది కాదు. చల్లదనంలో ఈ రసాయన చర్యలన్నీ నెమ్మదిస్తాయి. మే నెలలో హైదరాబాద్ వంటింట్లో గట్టు మీద వదిలేస్తే తెల్లారేసరికే తేడా తెలిసిపోతుంది. అదే ఫ్రిజ్‌లో పెడితే మూడు నుంచి ఐదు రోజులు మర్యాదగా ఉంటుంది. సీసాని నిలబెట్టండి, పడుకోబెట్టకండి. నిలబెడితే గాలికి తగిలే వైన్ మేర తగ్గుతుంది. ఎర్ర వైన్ అయితే తాగే ముందు అరగంట బయట పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక కొనుక్కునే వాటి సంగతి. అందరికంటే ముందు కళ్లబడేది గాలి లాగే పంపు. 1980లలో నెదర్లాండ్స్ నుంచి వ్యాక్యూ విన్ పేరుతో వచ్చింది, ఇప్పుడు రకరకాల పేర్లతో దొరుకుతోంది. మధ్యలో సన్నని చీలిక ఉన్న రబ్బరు బిరడాని సీసా మూతిలో పెట్టి, పైన పంపు ఆనించి నాలుగైదు సార్లు పైకీ కిందకీ లాగాలి. గాలి చాలావరకు పోయాక టక్ మని చప్పుడొస్తుంది. మర్నాడు తెరిచేటప్పుడు బిరడా అంచు కాస్త నొక్కితే బుస్సుమని గాలి లోపలికి పోవాలి. ఆ చప్పుడు రాలేదంటే రాత్రంతా ఎక్కడో కారిందన్నమాట. ఇదంతా బాగానే ఉంది, చవక కూడా. కానీ గాలి మొత్తం పోదు, కొంత మిగులుతుంది. దానికి తోడు వైన్‌లోని సువాసనలు కూడా కొంత లాగేస్తుందని గొణిగేవాళ్లున్నారు. రెండు మూడు రోజుల్లో అయిపోయే సీసాకి ఇది చాలు. రెండు వారాలు ఉంచుతుందని ఆశపడొద్దు.

రెండోది గ్యాసు డబ్బా. ఆర్గాన్, నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కలిపి నింపుతారు. ఇవేవీ వైన్ జోలికి పోని వాయువులు. దీంతో ఒక తమాషా ఉంది. డబ్బా చేత్తో పట్టుకుంటే లోపల ఏమీ లేనట్టు తేలిగ్గా ఉంటుంది. ఖాళీ డబ్బా అంటగట్టాడని దుకాణంవాడి మీద దెబ్బలాటకి వెళ్లకండి, నిండు డబ్బా కూడా అలాగే ఉంటుంది. సన్నని గొట్టం సీసాలోకి దూర్చి, కాస్త కాస్త చిమ్మి, గొట్టం తీయగానే బిరడా కొట్టెయ్యాలి. అక్కడ బద్ధకిస్తే చిమ్మిన గ్యాసు వృథా. ఆర్గాన్ గాలి కంటే బరువు కాబట్టి వైన్ మీద దుప్పటిలా పరుచుకుంటుందని పెట్టె మీద రాస్తారు. వాయువులు అంత బుద్ధిగా పొరలు పొరలుగా నిలబడవు, కలిసిపోతాయి. అయినా లోపలి ఆక్సిజన్‌ని బయటికి తోసేసి పల్చన చేస్తుంది కాబట్టి పని జరుగుతుంది. నన్నడిగితే పంపు కంటే ఇదే మేలు.

మూడోది బిరడాలోనే ఆక్సిజన్ పీల్చే పదార్థం పెట్టి అమ్మేది. రీపోర్ అన్నది ఇందులో పేరున్నది. పంపు కొట్టక్కర్లేదు, చిమ్మక్కర్లేదు, బిరడా పెట్టి ఊరుకుంటే చాలు. ఒక బిరడా ఒక సీసాకే. మళ్లీ మళ్లీ కొనాలి, మళ్లీ మళ్లీ చెత్తబుట్టలో పడెయ్యాలి. నెలకో సీసా తెరిచే ఇంటికి ఇది హాయి.

ఇక అందరూ కళ్లింత చేసుకుని చూసేది కొరావిన్. దీని వెనక ఒక చిన్న కథ ఉంది, అది మన ఆడవాళ్లకి దగ్గరి కథ. గ్రెగ్ లాంబ్రెక్ట్ అనే అమెరికా ఆయన వైద్య పరికరాలు తయారుచేసేవాడు. భార్య కడుపుతో ఉంది, వైన్ ముట్టుకోకూడదు. ఈయనకేమో ఒక్క గ్లాసు కావాలి, దాని కోసం సీసా మొత్తం తెరవడం ఇష్టం లేదు. కీమోథెరపీ తీసుకునేవాళ్లకి చర్మం కింద అమర్చే పోర్టులోకి గుచ్చే సూదులు ఆయనకి తెలుసు. వాటి ప్రత్యేకత ఏమిటంటే, గుచ్చినచోట ముక్క తెగిరాదు, తీయగానే రంధ్రం మూసుకుంటుంది. అలాంటి సూదిని కార్క్‌లోకి దింపాడు. మీట నొక్కితే ఆర్గాన్ లోపలికి పోతుంది, ఆ ఒత్తిడికి వైన్ సూదిలోంచి గ్లాసులోకి వస్తుంది. సూది లాగేస్తే కార్క్ తనంతట తనే బిగుసుకుంటుంది. సీసా తెరిచినట్టే లేదు, లోపలికి గాలి పోయిందే లేదు. ఏళ్ల తరబడి ఇంట్లో ప్రయోగాలు చేసి చివరికి 2013లో అమ్మకానికి పెట్టాడు.

అంత గొప్పదైతే అందరం కొనేద్దామా అంటే, ఆగండి. ఇది పనిచేసేది చెట్టు బెరడుతో చేసిన అసలు కార్క్ మీదే. ప్లాస్టిక్ కార్క్‌లో గుచ్చితే రంధ్రం సరిగ్గా మూసుకోదు. మరమూత సీసాలకి వేరే మూత కొనుక్కుని తగిలించాలి. ధర రెండు వందల డాలర్ల చుట్టుపక్కల, ఆ పైన గ్యాసు గుళికల ఖర్చు. 2014లో కొన్ని సీసాలు ఒత్తిడికి పగిలాయని కంపెనీయే కొన్నాళ్లు అమ్మకాలు ఆపి, సీసాకి తొడగడానికి దళసరి తొడుగులు పంపింది. కాబట్టి బీట ఉన్న సీసా మీద, వంకర టింకర ఆకారపు సీసా మీద ప్రయోగాలొద్దు. వంద డాలర్ల సీసాలు కూడబెట్టి ఏడాదికోసారి గ్లాసు రుచి చూసేవాళ్లకి ఇది వరం. వారంలో అయిపోయే పదిహేను డాలర్ల సీసాకి ఇంత హంగామా దేనికి, చెప్పు తల్లీ?

బుడగల వైన్, అంటే షాంపేన్, ప్రొసెక్కో లాంటివి ఉంటే పై లెక్కలన్నీ పక్కన పెట్టండి. వాటి మీద పంపు అసలు వాడకూడదు, ఉన్న బుడగలు కాస్తా లాగేస్తుంది. సీసా మెడని రెండు వైపులా పట్టుకునే కొక్కేల బిరడాలు చవకగా దొరుకుతాయి, అవే సరైనవి. గ్యాసు చల్లటి ద్రవంలో ఎక్కువ కరిగి ఉంటుంది గనక ఫ్రిజ్‌లోంచి బయటికి తీసి ఉంచొద్దు. సీసా మూతిలో వెండి చెంచా వేలాడదీస్తే బుడగలు పోవని చెబుతారు చూడండి, 1994లో స్టాన్‌ఫర్డ్ రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ జేర్ కొందరి చేత రుచి చూపించి దాన్నీ పరీక్షించాడు. చెంచా వల్ల ఒరిగిందేమీ లేదు. మీ వెండి చెంచా పూజగదిలోనే ఉండనివ్వండి.

రోజూ ఒక్క గ్లాసు అలవాటున్న ఇల్లయితే ఏ పనిముట్టూ కొనకుండా అట్టపెట్టె వైన్ చూడండి. ఆస్ట్రేలియాలో థామస్ ఆంగోవ్ 1965లో పేటెంటు తీసుకున్న ఆలోచన ఇది. లోపల సంచి ఉంటుంది, వైన్ వచ్చేకొద్దీ సంచి ముడుచుకుపోతుంది, గాలి రాదు. ఫ్రిజ్‌లో నెల పైనే ఉంటుంది. చూసినవాళ్లు నవ్వుతారేమోనన్న మొహమాటం ఒక్కటే అడ్డం.

ఇన్ని చేసినా మిగిలితే? రుచి బాగుండగానే ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించండి. పాస్తా సాసులో రెండు ముక్కలు వేసుకోవచ్చు. కానీ ఒక్క మాట. మరిగిస్తే ఆల్కహాల్ మొత్తం పోతుందనుకోకండి. పావుగంట ఉడికితే ఇంకా నలభై శాతం మిగులుతుందని, రెండున్నర గంటలు ఉడికినా ఐదు శాతం ఉంటుందని అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలు చెబుతున్నాయి. పిల్లలకి పెట్టే వంటలో వద్దు. అత్తగారు మందు వాసనకే ఆమడ దూరం జరిగే మనిషైతే, ఆవిడకి చెప్పకుండా గిన్నెలో కలపొద్దు. తెలియకపోవచ్చు, కానీ అది మర్యాద కాదు.

మొత్తానికి నా సలహా ఇది. ముందు చిన్న సీసా, ఫ్రిజ్. అవి చాలకపోతే గ్యాసు డబ్బా. ఎప్పుడో ఓసారి తెరిచే ఇల్లయితే పీల్చే బిరడా. ఇవన్నీ చేశాక కూడా వాసన తేడా వస్తే మొహమాటం లేకుండా సింకులో పోసెయ్యండి. అది తాగి డబ్బు మిగుల్చుకున్నవాళ్లెవరూ లేరు. పెళ్లిరోజుకి కొరావిన్ కొనుక్కుందామని మీ ఆయన సరదా పడితే వద్దనకండి. ముందు ఇంట్లో ఉన్న సీసాల మూతలు ఓసారి లెక్కపెట్టి రమ్మనండి. అన్నీ మరమూతలే అయితే ఆ డబ్బుతో మీకేం కావాలో అప్పుడు నిదానంగా చెప్పొచ్చు.