ఊపిరితిత్తులకు పాకిన క్యాన్సరు - ఉష్ణచికిత్స

కాల్చి నయం చేయడం వైద్యశాస్త్రానికి క్రొత్త కాదు. సుశ్రుత సంహితలో అగ్నికర్మకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కలదు. పదవ శతాబ్దిలో స్పెయిన్ దేశపు కార్డోబా ప్రాంతంలో వైద్యం చేసిన అబుల్ ఖాసిం అల్ జహ్రావీ తన ముప్పది భాగాల ‘కితాబుత్ తస్రీఫ్’లో చివరి భాగాన్ని శస్త్రవిద్యకు కేటాయించి, వాత పెట్టు పనిముట్లను బొమ్మలతో సహా వివరించాడు. అయితే ఆ ఇనుపకడ్డీ చేయి అందినంత మేరకే పనిచేసేది. శ్వాసతో నిరంతరం కదిలే ఊపిరితిత్తి నడుమ గోళీకాయంత కంతిని, రొమ్ము కోయకుండా కాల్చగలగడం మన కాలపు సంగతి.

మన ఉర్దూ విద్యార్థులు ఈ వ్యాధిని ‘సరతాన్’ అంటారు. అరబ్బీలో ఆ మాటకు ఎండ్రకాయ అని అర్థం. లాటిన్‌లో ‘క్యాన్సర్’ అన్నా అదే. నాటుకొన్నచోటనే ఉండక ప్రాకిపోవడం ఈ వ్యాధి లక్షణం. శరీరంలోని రక్తమంతా ఊపిరితిత్తుల గుండానే సాగుతుంది గనుక, రక్తంలో కొట్టుకువచ్చిన క్యాన్సరు కణాలు అక్కడి సన్నని కేశనాళికలలో చిక్కుకొంటాయి. చిక్కినవన్నీ మొలకెత్తవు. 1889లో స్టీఫెన్ పేజెట్ అనే ఆంగ్ల వైద్యుడు ఈ సంగతినే విత్తనము, నేల అనే ఉపమానంతో చెప్పాడు. ఒక మాట గుర్తుంచుకోవాలి: ప్రేగులో పుట్టి ఊపిరితిత్తికి చేరినది ప్రేగు క్యాన్సరే గాని ఊపిరితిత్తుల క్యాన్సరు కాదు. మందులు కూడా దానిని బట్టే నిర్ణయిస్తారు.

ఇక చికిత్స. 1891లో దార్సన్‌వాల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, మిక్కిలి వేగంగా దిశ మార్చుకొనే విద్యుత్తు కండరాలను అదిరించకుండానే శరీరం గుండా పోగలదని చూపాడు. నేటి పద్ధతికి అదే మూలం. సి.టి. స్కాన్ చూపే దారిలో సన్నని సూదిని కంతిలోకి దింపి, సెకనుకు నాలుగైదు లక్షల ఆవృత్తులు గల విద్యుత్తును పంపుతారు. కణాలలోని అయాన్లు అటూ ఇటూ ఊగి ఆ ఒరిపిడికి వేడి పుడుతుంది. అరవై డిగ్రీలు దాటితే మాంసకృత్తులు ఉడికిన గ్రుడ్డువలె గడ్డకట్టి కణం చనిపోతుంది. అట్లని వేడిని వంద దాటనిస్తే సూది చుట్టూ బొగ్గయి విద్యుత్తు ముందుకు సాగదు. పెనం మరీ కాలితే రొట్టె పైన మాడి లోపల పచ్చిగా మిగలడం వంటింట్లో అందరూ చూచినదే.

ఊపిరితిత్తిలోని గాలి కంబళివలె వేడిని కంతిలోనే నిలుపుతుంది. ఇది మేలు. ప్రక్కనే పెద్ద రక్తనాళం ఉంటే మాత్రం పారే రక్తం వేడిని లాగుకొనిపోతుంది. అక్కడే కణాలు మిగులుతాయి. సూక్ష్మతరంగాల సూది ఈ ఇబ్బందిని కొంత తగ్గించింది.

మనుష్యుల ఊపిరితిత్తులలో ఈ ప్రయోగం గురించి అమెరికాలో డూపుయ్, అతని సహచరులు 2000లో ప్రకటించారు. 2015లో ఫ్రాన్సు నుండి వెలువడిన నివేదికలో 566 మంది రోగులకు, 1037 కంతులకు చికిత్స జరిగింది. సగం మంది సుమారు ఐదేళ్ళకు పైగా జీవించారు. అయితే ఈ అంకె మొత్తాన్నీ సూది ఖాతాలో వ్రాయడం న్యాయం కాదని మా అభిప్రాయం. కంతులు కొద్దిగా, చిన్నవిగా, నెమ్మదిగా పెరిగేవిగా ఉన్నవారినే ఇందుకు ఎన్నుకొంటారు. అట్టివారు సహజంగానే కొంత ఎక్కువ కాలం బ్రతుకుతారు. ప్రేగు నుండి పాకిన కంతులను కోసి తీయడంపై బ్రిటన్ ప్రధానంగా జరిగిన ‘పుల్మిక్’ పరీక్షలో, ఆపరేషన్ లేని జట్టులోనూ దాదాపు ముప్పది శాతం మంది ఐదేళ్ళు జీవించారు. చేరినవారు 93 మందే గనుక ఆ పరీక్ష తుది తీర్పు కాజాలదు. కాని పొలమో, నగలో అమ్మి చికిత్సకు సిద్ధపడే కుటుంబం ఈ సంగతి తెలిసికొనే నిర్ణయించుకోవాలి. కంతులు ఎన్ని, మూడు సెంటీమీటర్లకు లోపలేనా, వేరే అవయవాలలో వ్యాధి ఉన్నదా అని వైద్యుని అడుగవలెను. అడగడం అవిధేయత కాదు.

చికిత్సలో తరచు ఎదురయ్యే చిక్కు, సూది చేసిన రంధ్రం గుండా ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం. చాలామందిలో అది తనంతట తగ్గుతుంది. కొందరికి గొట్టం వేసి గాలిని తీయవలసివస్తుంది. మరొక సంగతి ఇంటివారికి ముందే తెలియాలి. తొలి వారాల స్కాన్‌లో మచ్చ మునుపటి కంతికంటె పెద్దదిగా కనబడుతుంది. అది కంతితో పాటు చుట్టూ కావాలని కాల్చిన అంచు. కాల్పు ఫలించినచోట ఆ మచ్చ నెలల తరబడి కుంచించుకుపోతూ వస్తుంది. తగ్గిన మచ్చ ఒకవైపు మళ్ళీ ఉబ్బితేనే వైద్యులు అనుమానిస్తారు. అప్పుడు అదేచోట రెండవసారి కాల్చే అవకాశం కూడా కలదు.