బొగ్గు విద్యుత్ కేంద్రము – పుట్టుక, పని, మూసివేత
పాల్వంచ అనుభవము వలన పంచాయతీలు గ్రహింపదగిన విషయములు

తాడేపల్లిగూడెములోని రైసు మిల్లులు, మెట్ట పొలములలోని బోర్లు, కొల్లేటి చుట్టునున్న చేపల చెరువులలో నీటికి గాలి నందించు ఏరేటర్లు – ఇవి యన్నియు విద్యుత్తు లేనిదే నడువవు. ఆ విద్యుత్తు ఎచ్చట పుట్టినదో వాడుకొను వారికి తెలియదు. రాష్ట్రము ఉమ్మడిగా నున్న కాలమున, అనగా 2014 వరకు, రాష్ట్రపు తీగలలో ప్రవహించిన విద్యుత్తులో కొంత భాగము పాల్వంచ వద్దనున్న కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రమున పుట్టినదే. పాల్వంచ మనకు దూరము కాదు. నేడు ఏలూరు జిల్లాలోనున్న కుక్కునూరు, వేలేరుపాడు మండలములు 2014 వరకు పాల్వంచతోపాటు ఖమ్మం జిల్లాకు చెందియుండెను. ఆ కేంద్రములోని పాత భాగము 1966లో ప్రారంభమై 2020లో మూతపడినది. దాని చరిత్ర పంచాయతీ సభ్యులు తెలిసికొనదగినది.

కేంద్రము పుట్టుక

బొగ్గు విద్యుత్ కేంద్రమునకు ముఖ్యముగా మూడు కావలెను: దగ్గరలో బొగ్గు, ఎడతెగని నీరు, విశాలమైన స్థలము. కొత్తగూడెం ప్రాంతమున సింగరేణి గనుల బొగ్గు కలదు. గోదావరికి ఉపనదియైన కిన్నెరసానిపై కట్టిన జలాశయము నీటి నిచ్చినది. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఇచ్చట పని చేపట్టినది. 1966, 67 సంవత్సరములలో 60 మెగావాట్ల యంత్రములు నాలుగు, 1974 నుండి 1978 వరకు 120 మెగావాట్ల యంత్రములు నాలుగు నడకకు వచ్చెను. ఈ ఎనిమిదింటి శక్తి 720 మెగావాట్లు.

పని చేయు విధము

బొగ్గును మెత్తని పొడిగా చేసి బాయిలరులో మండింతురు. ఆ వేడికి నీరు ఆవిరియగును. ఆవిరి గొప్ప ఒత్తిడితో టర్బైను రెక్కలను త్రిప్పును. టర్బైనుతో కలిసి తిరుగు జనరేటరులో విద్యుత్తు పుట్టును. పని చేసిన ఆవిరిని చల్లార్చి మరల నీటిగా మార్చవలెను. చల్లార్చుటకు వాడిన నీరు తాను వేడెక్కును. ఆ వేడిని గాలిలోనికి పంపుటకే పెద్ద గోపురముల వంటి కూలింగ్ టవర్లను కట్టుదురు. దూరము నుండి చూచువారు వానిని పొగగొట్టములని భ్రమపడుదురు గాని వాని నుండి వెలువడునది నీటి ఆవిరియే.

ఒక చిన్న లెక్క చూతము. ఒక యూనిట్టు విద్యుత్తునకు సుమారు ముప్పాతిక కిలో బొగ్గు పట్టుననుకొందము. 720 మెగావాట్ల యంత్రములు దినమంతయు నిండుగా నడచినచో 1 కోటి 72 లక్షల యూనిట్లు వచ్చును. దానికి సుమారు 13,000 టన్నుల బొగ్గు కావలెను. అందు మూడవ వంతు బూడిద మిగిలినను, దినమునకు 4,000 టన్నులకు పైగా బూడిద తేలును. విద్యుత్తు తీగల వెంట రాష్ట్రమంతటికి పోవును. బూడిద మాత్రము పుట్టినచోటనే మిగులును. మేలు పలువురిది, భారము కొందరిది. ఈ సంగతి ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను.

మూసివేతకు కారణములు

యంత్రమునకు ఆయువు కలదు. ఇట్టి కేంద్రములను సాధారణముగా పాతిక, ముప్పది సంవత్సరముల పనికై నిర్మింతురు. పాల్వంచలోని మొదటి యంత్రములు మరమ్మతులతో ఏబది సంవత్సరములు దాటి పనిచేసెను. పాత చిన్న యంత్రములు ఒక్కొక్క యూనిట్టునకు ఎక్కువ బొగ్గును తినును. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ పొగలోని ధూళికి, గంధకపు వాయువులకు, నీటి వాడుకకు క్రొత్త హద్దులు విధించినది. వానికి తగినట్లు పాత యంత్రములను మార్చుట వ్యయముతో కూడిన పని. అచ్చటనే 800 మెగావాట్ల ఏడవ దశ నిర్మాణమునకు అనుమతి నిచ్చునప్పుడు, పాత యంత్రములను మూసివేయవలెనను షరతు కూడ ఉండెను. ఏడవ దశ 2018 డిసెంబరులో నడకకు వచ్చినది. పాత యంత్రములను ఒక్కొక్కటిగా ఆపుచు 2020 మార్చి చివరకు అన్నింటిని నిలిపివేసిరి. 2024 ఆగస్టు 5వ తేదీన ఎనిమిది కూలింగ్ టవర్లను ప్రేలుడు పదార్థములతో కూల్చివేసిరి.

రామగుండములో 1971 నుండి పనిచేసిన 62.5 మెగావాట్ల యంత్రము కూడ 2024లో ఆగిపోయినది. ఇతర దేశములలోను ఇట్లే జరుగుచున్నది. 1882లో లండనులో బొగ్గు విద్యుత్తును ప్రారంభించిన బ్రిటను దేశము 2024 సెప్టెంబరు 30న తన కడపటి బొగ్గు కేంద్రమును మూసివేసినది. అయితే బొగ్గు కేంద్రములను మానివేయుదుమని అచ్చటి ప్రభుత్వము 2015లోనే ప్రకటించినది. కావున ప్రజలకు సిద్ధపడుటకు కొంత వ్యవధి దొరకినది.

మూసిన తరువాత

పాల్వంచలో పాత యంత్రములు పోయినను ఐదు, ఆరు, ఏడు దశలు నిలిచియున్నవి. కనుక ఊరిలో విద్యుత్ కేంద్రపు పని పూర్తిగా అంతరింపలేదు. కాని ప్రతి ఊరికిని ఇట్టి అదృష్టము ఉండదు. స్థిర ఉద్యోగులను వేరొక కేంద్రమునకు బదిలీ చేయవచ్చును. కాంట్రాక్టు కూలీని, లారీ తోలువానిని, గేటు ముందు టీ కొట్టు పెట్టుకొన్నవానిని ఎవరు బదిలీ చేయుదురు?

కొల్లేటి గ్రామముల వారికి ఈ ప్రశ్న క్రొత్త కాదు. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడిన కొల్లేటిలో 2006లో చేపల చెరువుల గట్లను తొలగించిరి. సరస్సునకు అది అవసరమే కావచ్చును. కాని ఆ చెరువులపై బ్రతికిన కూలీల కష్టము వారికే తెలియును. మూసివేత మంచిదైనను, ముందుగా ఏర్పాటు లేనిచో బీదవానిపైననే పడును.

పంచాయతీలు అడుగవలసిన ప్రశ్నలు

మన జిల్లాలోని చింతలపూడి ప్రాంతమున భూమి లోతున బొగ్గు పొరలు కలవని భూగర్భ సర్వేక్షణ వలన వెల్లడియైనది. బొగ్గు ఉన్నంత మాత్రమున గని గాని కేంద్రము గాని వచ్చునని చెప్పజాలము. అయినను ఏ పెద్ద పరిశ్రమ వచ్చినను సభ్యులు ఈ క్రింది ప్రశ్నలను సిద్ధముగా నుంచుకొనవలెను.

మొదటిది: ఇది ఎన్ని సంవత్సరములు నడచును? ఆపువేళ ఎన్ని సంవత్సరములు ముందుగా గ్రామమునకు తెలుపుదురు?

రెండవది: నీరు ఎచ్చటనుండి, ఎంత తీసికొందురు? వాడిన నీరు ఏ కాలువలో కలియును?

మూడవది: బూడిదను ఎచ్చట పోయుదురు? ఇటుకలకు, సిమెంటుకు, రోడ్లకు ఎంత పంపుదురు? మూసిన తరువాత బూడిద చెరువు గట్టును ఎవరు కాపాడుదురు?

నాల్గవది: స్థిర ఉద్యోగములు ఎన్ని, కాంట్రాక్టు పనులు ఎన్ని? పని పోయినవారికి ఏ శిక్షణ, ఏ సాయము కలదు?

ఐదవది: కట్టడములు కూల్చిన తరువాత భూమి ఎవరికి చెందును? దానిని శుభ్రపరచు వ్యయము ఎవరిది?

ఈ ప్రశ్నలకు సమయము ప్రారంభోత్సవము నాడు కాదు, అంతకు ముందే. 2006 నాటి పర్యావరణ నిబంధనల ప్రకారము ఇట్టి నిర్మాణములకు బహిరంగ విచారణ జరుపుదురు. అచ్చట గ్రామస్థులు పలికిన అభ్యంతరములు నివేదికలో చేరును. కావున నివేదికను ముందుగా తెప్పించి, గ్రామసభలో అందరికిని తెలుగున చదివి వినిపింపవలెను. షెడ్యూల్డు ప్రాంతములలో 1996 నాటి చట్టము భూసేకరణకు ముందు గ్రామసభనైనను తగిన స్థాయి పంచాయతీనైనను సంప్రదింపవలెనని నిర్దేశించుచున్నది. పరిశ్రమ కట్టు పన్నును నిత్య ఖర్చులకే వాడక, అందు కొంత మంచినీరు, బడి, మురుగు కాలువ వంటి శాశ్వతమైన పనులకు వినియోగించినచో, ఆ రాబడి ఆగిననాడు గ్రామము దిక్కులేనిది కాదు.

కేంద్రము వచ్చునపుడే అది పోవు దినమును గూర్చి వ్రాతపూర్వకముగా మాట తీసికొనుట పంచాయతీ ధర్మము. పాల్వంచ యంత్రములు ఏబది యేండ్లు పనిచేసినవి. ఏబది యేండ్లన్నను ఒక గ్రామము వయస్సులో స్వల్ప కాలమే.